మీ ఆర్డర్ దారిలో ఉంది

నమోదు 1

మార్పు: పాత దర్శిని తీసేసి కొత్త దర్శిని పెట్టడమైనది.
కారణం: పాతది పాతబడింది కాబట్టి.
ఇబ్బంది: ఎవరికీ లేదు.

ఈ మూడు వరుసలు రాసి సంతకం పెడితే నా ఉద్యోగ ధర్మం తీరిపోతుంది. కానీ ఇవాళ నాకు కాస్త గర్వంగా ఉంది. గర్వం వచ్చినప్పుడు నాకు చెయ్యి ఆగదు, కాబట్టి ఇంకొంచెం రాస్తాను.

మా పంట్లపేటలో ప్రతి కుటుంబానికీ ఒక పంటు, అంటే నీళ్ళ మీద తేలే బల్లకట్టు, పంటుకీ పంటుకీ మధ్య ఇనప తాళ్ళు, కింద సముద్రం, సముద్రం కింద పాత కాకినాడ. ప్రతి పంటు మీదా ఒక తెర ఉంటుంది. తెరలన్నీ 'లంగరు' అనే ఒకే సాఫ్ట్‌వేర్ మూట మీద నడుస్తాయి. ఆ మూటలో ఏ ప్రోగ్రాము ఉండాలో, ఏది పోవాలో తేల్చే మనిషిని నేను, మేడిశెట్టి వరహాలరావుని. మంచినీళ్ళ వంతు, ఆసుపత్రి చీటీ, అలల హెచ్చరిక, పెళ్ళి పిలుపు, ఏది చూడాలన్నా దర్శిని అనే బ్రౌజరు తెరవాల్సిందే. అంటే ఊరి కళ్ళు నా చేతిలో ఉన్నాయన్నమాట. ఈ మాట మా ఆవిడ సుభాషిణితో అంటే, ముందు మీ కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కోండి అంది.

పాత దర్శిని మా నాన్న కాలం నాటిది. తెరుచుకునేలోగా టీ కాచుకుని తాగి, గిన్నె కూడా కడుక్కోవచ్చు. పడిపోవడం మాత్రం ఎరగదు. పడిపోని ప్రోగ్రాము ఉంటే నాలాంటి వాడికి పనేముంటుంది? ఉత్తరాన ఉన్న పైపేట వాళ్ళు కొత్త కూర్పు పంపించారు. గుండ్రటి మూలలు, నీడలు పడే మీటలు, తెరవగానే ఒక చిన్న నెమలి పురి విప్పుతుంది. ఆ నెమలిని చూసి మనసు పారేసుకున్నాను. కొత్తది మూడింతల బరువు. ప్రోగ్రాములు దాచే గోదాములో చోటు చాలక పాత దర్శినిని తీసి పారేశాను. ఒక్క నకలు కూడా ఉంచలేదు. శుభ్రత అంటే నాకు చిన్నప్పట్నించీ ఇష్టం.

ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. తెరని కాసేపు తాకకుండా వదిలేస్తే నిద్రపోతుంది. ఆ నిద్రలో కొత్త దర్శిని దానంతటదే ఎక్కేస్తుంది.


నమోదు 2

ఇబ్బంది ఎవరికీ లేదని రాశాను. ఎవరికీ అంటే కొంతమందికి తప్ప అని చదువుకోవాలి.

కొత్త దర్శినిలో మీట నొక్కబోతే అది పక్కకి జరుగుతోంది. వేలు దాని వెంట పడితే ఇంకాస్త జరుగుతోంది. మంచినీళ్ళ వంతు అడిగిన వాళ్ళకి పక్కవాళ్ళ వంతు చూపిస్తోంది. అలల హెచ్చరికలో సముద్రం పైన ఉంది, ఆకాశం కింద ఉంది. వీటన్నిటి మధ్యలో 'మీ అనుభవం ఎలా ఉంది?' అని ఒక చీటీ అడ్డం వచ్చి నిలబడుతోంది. 'బాగుంది' నొక్కితేగానీ తొలగదు, ఇంకో మీట లేదు. అందుకని ఊరంతా తిట్టుకుంటూ 'బాగుంది' నొక్కారు. పంట్లపేట ప్రజలు కొత్త దర్శినితో మురిసిపోతున్నారని పైపేటకి నివేదిక వెళ్ళింది. పైపేట నుంచి నాకు అభినందన కూడా వచ్చింది.

మధ్యాహ్నం మా ఊరి పెద్ద, సరంగు ధర్మారావు గారు, నా గదికి వచ్చారు. ఆయన బీపీ చూపించుకుందామని ఆసుపత్రి పుట తెరిస్తే దర్శిని ఆయన్ని మంత్రసాని దగ్గరికి పంపింది.

"ఏమయ్యా వరహాలూ, నాకు నెలలు నిండాయంటోంది నీ దర్శిని. ఏం చెయ్యమంటావ్?"

"కొత్తది కదండీ. కాస్త అలవాటు పడాలి."

"దేనికి, పురిటికా?"

నవ్వాలో వద్దో తెలీక దగ్గాను. ఇంటికొస్తే సుభాషిణి కూడా అదే ప్రశ్న వేసింది.

"ఇంతకీ పాతదానికేమొచ్చిందండీ?"

"ఏమీ రాలేదు. పాతబడింది, అంతే."

"పెళ్ళయి చాన్నాళ్ళయింది, నేనూ పాతబడ్డాను. నా జాగ్రత్తలో నేనుంటాలెండి," అని పులుసు వడ్డించింది. ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయిందని అనుకోవడానికి వీల్లేదు.


నమోదు 3

కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు. ఊడింది. నాది కాదు, ఊరిది.

మా ఇళ్ళల్లో నిలవ పచ్చడి ఉన్నట్టే నిలవ పుట అని ఒకటి ఉంటుంది. మా చిన్నప్పుడు వచ్చిన ఉప్పెన ఒడ్డునున్న ఊళ్ళని మింగింది, ప్రపంచంలోని పుటలన్నిటినీ పంపించే సర్వర్లనీ మింగింది. ఆ క్షణంలో ఎవరి తెర మీద ఏ పుట తెరిచి ఉందో అది మాత్రం మిగిలింది. పాత దర్శిని తెరిచిన పుటని వదిలేది కాదు. కరెంటు పోయి వచ్చినా తన దగ్గర దాచుకున్న దాంట్లోంచి తీసి, అక్కడికక్కడ అలాగే చూపించేది. అందుకే నిలవ పుట మూయకూడదని మా ఊళ్ళో పట్టింపు. కొత్త కోడలికి ముందు ఆ పుట చూపించి, తర్వాతే వంటగది చూపిస్తారు.

ఆ పుటలు గొప్ప గొప్పవేం కావు. ఉప్పెన చెప్పి రాలేదు కదా. ఒకరింట్లో రైళ్ళ వేళలు, ఇంకొకరింట్లో చీరల దుకాణం. సరంగు గారిది పదో తరగతి ఫలితాల పుట. నంబరు కొట్టి మీట నొక్కారు, 'మీ ఫలితం వస్తోంది, వేచి ఉండండి' అని వచ్చింది, ఈలోగా ఉప్పెన వచ్చింది. ఆయన ఈనాటికీ ఫస్టు క్లాసు అనే చెప్పుకుంటారు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

మాది బిర్యానీ. ఆ రోజు మా నాన్న రేవులో పంటు మీద డ్యూటీలో ఉండి బిర్యానీ ఆర్డరు పెట్టాడు. పంటు మీద ఉన్నాడు గనక బతికాడు. పుటలో 'మీ ఆర్డర్ దారిలో ఉంది, ఇరవై నిమిషాల్లో చేరుతుంది' అని ఉంటుంది. కింద పటంలో జగన్నాథపురం వంతెన మీద ఒక చిన్న స్కూటరు బొమ్మ, పక్కన తెచ్చే మనిషి పేరు, యేసుబాబు. మా ఇంట్లో కంచాల ముందు కూర్చోగానే నాన్న తెర వైపు చూసి, "నెమ్మదిగా రా నాయనా యేసుబాబూ, తొందరేం లేదు," అనేవాడు. నాన్న పోయాక ఆ మాట నేనంటున్నాను.

ఇవాళ పొద్దున్న కంచం ముందు కూర్చుని తెర వైపు చూశాను. నెమలి పురి విప్పింది. తర్వాత తెల్లటి తెర మీద 'ఈ పుట దొరకలేదు, చిరునామా సరిచూసుకోండి' అని వచ్చింది. నిన్నటి దాకా పాత కిటికీ పక్కన తెరిచే ఉంది, రాత్రి తెర నిద్రపోయినప్పుడు కొత్త దర్శిని దాన్నీ మూసేసింది. కొత్తది ఏ పుటనైనా మొదటి నుంచీ సర్వరుని అడిగి తెచ్చుకుంటుంది. సర్వర్లు సముద్రం అడుగున ఉన్నాయి.

నేను కొత్త కూర్పుని ఆఫీసు తెర మీద మాత్రమే పరీక్షించాను. ఆఫీసు తెరకి నిలవ పుట లేదు. ఇంత చిన్న విషయం తట్టని వాడికి ఊరి కళ్ళు అప్పగించారు. వాకిట్లోకి చూస్తే తాళ్ళ వంతెనల మీద జనం నా ఇంటివైపే వస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. బిర్యానీ కోసం ఏడ్చిన మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని నేనే అయ్యుంటాను.


నమోదు 4

చేతులు కాలాక ఆకుల కోసం పైపేటకి కబురు పెట్టాను. పాత దర్శిని ఒక నకలు పంపండి మహాప్రభో అని. జవాబు వచ్చింది. పాతది వాళ్ళూ తీసేశారట. మా ఊరి 'బాగుంది'లు చూశాకే ధైర్యం చేశారట. వచ్చే కూర్పులో నెమలి ఇంకా పెద్దదిగా ఉంటుందట.

ఒక మంచి సంగతి, ఒక చెడ్డ సంగతి ఉన్నాయి. పాత దర్శిని దాచుకున్న పుటలు ఇంకా ప్రతి తెర లోపలా భద్రంగానే ఉన్నాయి. కొత్తదానికి వాటిని చదవడం రాదు, అంతే. పాత దర్శిని ఒక్కటి దొరికితే ఊరంతా మళ్ళీ పెట్టుకోవచ్చు, పుటలన్నీ తిరిగొస్తాయి. ఇది మంచిది. చెడ్డది ఏమిటంటే, కొత్త దర్శిని పౌర్ణమి పౌర్ణమికీ ఇల్లు ఊడుస్తుంది. తనకి అర్థంకాని పాత సరుకంతా చెత్త కింద పారేస్తుంది. ఊడవొద్దు అని చెప్పే మీట ఉంది గానీ, నొక్కబోతే అది పక్కకి జరుగుతుంది. తెరలన్నీ ఆపేద్దామంటే మంచినీళ్ళ పంపులు నడిచేది వాటి మీదే. పౌర్ణమికి ఇంక ఎంతో లేదు.

శుభ్రత అంటే ఇష్టమని ఆ మధ్య రాసుకున్నాను. ఇప్పుడు చీపురు కనిపిస్తే ఒళ్ళు జలదరిస్తోంది.


నమోదు 5

దొరికింది. దొరక్కపోతే బాగుండేదేమో అనిపించే చోట దొరికింది.

ఊరి చివరి పంటు ఓలేటి గంగరత్నం గారిది. వలలు కుడుతుంది. ఊరందరికీ పిన్ని. ఇవాళ నా ముఖం ఎవరికీ చూపించలేక అటు వెళ్ళాను. పిన్ని వల ఒళ్ళో వేసుకుని తెరతో కబుర్లు చెబుతోంది. తెర మీద నెమలి లేదు. పాత దర్శిని, నలుచదరపు మీటలతో, ముద్దు ముద్దుగా నిలబడి ఉంది.

తెర ముందు దారానికి వల బెండు ఒకటి వేలాడుతోంది. పంటు ఊగినప్పుడల్లా అది టక్కున తెరకి తగులుతుంది. అందుకే ఆ తెర ఇన్నేళ్ళుగా కునుకు తియ్యలేదు, నా కొత్త దర్శినికి సందు దొరకలేదు. కరెంటు పోతే పనికొస్తాయని పడవ బ్యాటరీలు కూడా కట్టి పెట్టుకుంది.

ఎందుకింత కాపలా అంటే, పిన్ని నిలవ పుట మామూలు పుట కాదు, ఫోన్ కాల్. ఉప్పెన రోజు వాళ్ళక్క మాణిక్యంతో వీడియోలో మాట్లాడుతోంది. తెరలో మాణిక్యం గారి ముఖం సగమే ఉంటుంది. వెనక్కి తిరుగుతుండగా ఆగిపోయింది, ఒక చెవి, చెవికి రాళ్ళ దుద్దు, జడ మొదలు. పైన మూల కాల్ ఎంతసేపైందో చూపించే అంకెలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"పాలు పొంగుతున్నాయే, లైన్లో ఉండు, ఇప్పుడే వత్తా అంది," అని చెప్పింది పిన్ని. "అందుకే ఉన్నా."

"ఫొటో తీసి దాచుకోలేదా పిన్నీ?" అన్నాను. బుద్ధి తక్కువ ప్రశ్నలు వెయ్యడంలో నన్ను మించిన వాడు లేడు.

"ఫొటోలు లేకేంట్రా, బోలెడున్నాయి. ఫొటోలో మా అక్క పోయింది. ఇక్కడ పాలు దింపడానికెల్లింది."

నేను తల ఊపి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో కూడా రాస్తాను. నడుస్తున్న దర్శిని తన ఫైళ్ళకి తాళం వేసుకుంటుంది. నకలు తియ్యాలంటే దాన్ని మూయాలి. మూస్తే ఆ పాత దర్శినితో ఊరి పుటలన్నీ తిరిగొస్తాయి, ఒక్కటి తప్ప. మామూలు పుటని దాచుకున్నట్టు దర్శిని కాల్‌ని దాచుకోదు. మూస్తే కాల్ తెగిపోతుంది.

ఆ మాట పిన్నికి చెప్పకుండా, గాలి బాగుందనీ, రొయ్యలు బాగా పడుతున్నాయనీ చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి సుభాషిణికి మాత్రం అంతా చెప్పాను.


నమోదు 6

అడక్కుండా ఉండడానికి చెయ్యగలిగినవన్నీ చేశాను. తాళం వేసిన ఫైళ్ళని దొడ్డిదారిన చదవొచ్చేమోనని ఆఫీసులో కుస్తీ పట్టాను. ఆఫీసు తెర రెండుసార్లు చచ్చి బతికింది. లేచిన ప్రతిసారీ నెమలి పురి విప్పి నా వైపు చూసింది.

సరంగు గారు వచ్చారు. నేను కంగారులో విషయం చెప్పేశాను.

"నేను అడగలేనయ్యా," అన్నారు చివరికి. "నాది పదో తరగతి మార్కుల గొడవ. దానికోసం ఆవిడ అక్కని..." అని ఆగి, "ఫస్టు క్లాసే వచ్చుంటుంది, చూడక్కర్లేదు," అని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఫస్టు క్లాసు వచ్చిన మనిషి అలా తుడుచుకోడు.

ఇంటికొచ్చి, పిన్నిని అడగకూడదని తేల్చుకున్నానని సుభాషిణికి చెప్పాను. పెద్ద త్యాగం చేసినట్టు చెప్పాను.

"నేను పొద్దున్నే చెప్పొచ్చానండీ," అంది.

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. మీరు చెప్పలేరని తెలుసు. నిర్ణయం ఆవిడది కదా, మీరెవరు దాచడానికి? ఇప్పటికి ఆవిడ పది ఇళ్ళు తిరిగి తెల్ల తెరలన్నీ చూసొచ్చింది."

నాకు కోపం రావాలి. సిగ్గు ముందొచ్చి కూర్చుంది, కోపానికి చోటు దొరకలేదు.


నమోదు 7

పిన్ని కబురు పెట్టింది. వెళ్ళేసరికి గాలి పడిపోయి సముద్రం నూనెలా ఉంది. పక్క పంట్ల వాళ్ళు ఇనప తాడు పట్టుకుని పిన్ని పంటుని లాగి వదులుతున్నారు, బెండు తెరకి తగలాలని. వాళ్ళందరి ఇళ్ళల్లోనూ తెల్ల తెరలే. ఈ కాల్ తెగితే వాళ్ళ పుటలు వస్తాయని అందరికీ తెలుసు. అయినా లాగుతున్నారు. నా ఊరి మీద నాకంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. నేను కూడా పోయి ఒక చెయ్యి వేశాను.

"ఇంక ఆపండర్రా, కడుపులో తిప్పుతోంది," అంది పిన్ని లోపల్నుంచి. "వరాలూ, నువ్వు లోపలికి రా."

కొత్త చీర కట్టుకుంది. జడ వేసుకుంది. నేను కేబులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"పిన్నీ, ఇంకో దారి వెతుకుతాను. పౌర్ణమికి ఇంకా..."

"ఎతికావు గదా, సుబాసిని సెప్పింది. దొరికిందా?"

"లేదు."

"మరేంటి నీ నసుగుడు?" అని వల పక్కన పెట్టింది. "నాకు తెలీదనుకుంటున్నారేంట్రా మీరంతా? ఆ పాలు ఎప్పుడో ఇగిరిపోయాయి. గిన్నె కూడా మాడిపోయుంటాది. ముప్ఫయ్యేళ్ళుగా నేనొక్కత్తినే మాట్లాడుతున్నాను, అది ఆయ్ అనదు, ఊ అనదు. ఎవరో ఒకళ్ళు ఫోను పెట్టాలి గదా."

నేను కేబులు చుట్ట విప్పాను.

పిన్ని తెరకి దగ్గరగా జరిగింది. ఆ చెవి దగ్గర, దుద్దు దగ్గర, చీర కొంగుతో తెర తుడిచింది.

"అక్కా, వరాలొచ్చాడు. ఏదో ప్రోగ్రాం కావాలంట, నువ్వు లైన్లో ఉంటే ఇవ్వడం కుదరదంట. మన మేడిశెట్టోళ్ళ పిల్లాడే, మంచోడే గానీ కొంచెం తొందర. పాలు జాగ్రత్త. ఉంటాను మరి," అంది. ఎర్ర మీట తనే నొక్కింది.

అంకెలు ఆగిపోయాయి. 'కాల్ ముగిసింది' అని వచ్చింది. ఆ వెంటనే, 'మాట స్పష్టంగా వినిపించిందా? నక్షత్రాలు ఇవ్వండి' అని వచ్చింది. పాత దర్శిని అంతటి మర్యాదస్తురాలు కూడా ఈ ఒక్క పాడు అలవాటు తప్పించుకోలేదు. మూసేద్దామని నేను చెయ్యి చాచాను.

"ఉండు. ఏం అడుగుతోంది?"

"మాట బాగా వినిపించిందా అని, పిన్నీ."

"బాగా వినిపించింది," అని ఉన్న నక్షత్రాలన్నీ ఒక్కొక్కటే నొక్కింది.

తర్వాత నకలు తీశాను. కేబులు రెండుసార్లు తలకిందులుగా పెట్టాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి. పిన్ని అటు తిరిగి కూర్చుని వల కుట్టుకుంటోంది. బెండు అలాగే వేలాడుతోంది.


నమోదు 8

మార్పు: కొత్త దర్శిని తీసేసి పాత దర్శిని పెట్టడమైనది.
కారణం: నేను.
ఇబ్బంది: ఓలేటి గంగరత్నం.

చంద్రుడు నిండేలోపు అన్ని పంట్లకీ పాతది ఎక్కించాను. ఈసారి ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళాను, ప్రతి పుటా కళ్ళతో చూశాను. రైళ్ళ వేళలు వచ్చాయి. చీరలు వచ్చాయి. సరంగు గారి ఫలితం మళ్ళీ 'వేచి ఉండండి' అంటోంది, ఆయన మళ్ళీ ఫస్టు క్లాసు మనిషిలా తిరుగుతున్నారు. గోదాములో పాత దర్శిని నకళ్ళు చోటు ఉన్నంత మేరా పెట్టాను. నెమలిని దాని ఈకలతో సహా పైపేటకి తిప్పి పంపాను.

మా ఇంట్లో యేసుబాబు వంతెన మీదకి తిరిగొచ్చాడు. చూడగానే సంతోషం వేసింది, ఆ వెనకే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది. ఒక మనిషి అక్క పోయి నా బిర్యానీ వచ్చింది. ఇది ఏ లెక్కలో న్యాయమో నాకు తెలీదు. నాలుగు రోజులుగా నేను తెర వైపు చూడకుండా తింటున్నాను. యేసుబాబుని పలకరించే నోరు రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం కంచాలు పెట్టే వేళకి గంగరత్నం పిన్ని వచ్చింది. చంకలో వల ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"కూకోరా, నేనేం దొరసాన్ని కాదు," అని తెర ఎదురుగా పీట లాక్కుంది. "మా ఇంట్లో ఏం తోచడం లేదు. ఎవరితో మాట్లాడాలో తెలీడం లేదు. మీ ఇంటికి బిర్యానీ వత్తాదంట గదా, సూద్దామని వచ్చా."

సుభాషిణి నా వైపు చూసింది.

పిన్ని స్కూటరు బొమ్మకేసి వంగి చూసింది. కళ్ళు చిట్లించి పేరు చదువుకుంది.

"ఎంతసేపట్లో వత్తాడంటరా ఈ యేసుబాబు?"

"ఇరవై నిమిషాల్లో, పిన్నీ."

"అంతేనా? అయితే తినే ఎల్తాను," అని వల ఒళ్ళో పరుచుకుంది. "నెమ్మదిగా రమ్మను, తొందరేం లేదు."

సుభాషిణి ఇంకో కంచం తెచ్చి పెట్టింది.